మాత్ర మానేద్దామనిపించిన రోజుల్లో

నాకు ముట్లుడిగేటప్పటికి 36 ఏళ్లు. పాపని అప్పుడే తడికాలో చేర్పించాం. మలేషియాలో కిండర్‌గార్టెన్‌ని తడికా అంటారు. ఆ పిల్లల అమ్మల వాట్సాప్ గ్రూపులో సగం మంది రెండో కాన్పు గురించి మాట్లాడుకుంటుంటే, నేను వేడి ఆవిర్ల గురించి వెతుక్కుంటున్నాను. కౌలాలంపూర్‌లో ఆవిర్లని గుర్తుపట్టడం కూడా కష్టమే లెండి. ఏడాది పొడవునా 32, 33 డిగ్రీలు, ఒంటికి అంటుకుపోయే తేమ. చెమట పట్టిందంటే ఎండేమో అనుకుంటాం. రాత్రి ఏసీ 20లో పెట్టుకుని దుప్పటి కప్పుకున్నా మెడ వెనకనుంచి సెగ పైకి పాకి దిండు తడిసిపోతుంటే, ఇది ఎండ వ్యవహారం కాదని అర్థమైంది.

మొదట చూపించుకున్న క్లినిక్‌లో "ఈ వయసులో అదేం ఉండదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఐదు నెలలు నెలసరి రాకపోయినా అదే మాట. తర్వాత వేరే గైనకాలజిస్టు రక్తపరీక్ష రాశారు. ఎఫ్‌ఎస్‌హెచ్ 68. నెల తర్వాత మళ్లీ చేయిస్తే 74. అండాశయాలు పనిచేయనప్పుడు మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఇంకా గట్టిగా అరుస్తుంది, ఆ అరుపే ఎఫ్‌ఎస్‌హెచ్ అంకె. 40 ఏళ్లలోపు వాళ్లలో అది 25 దాటితే అనుమానించాలి. దీన్ని ప్రీమెచ్యూర్ ఓవేరియన్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు, పొట్టిగా పీఓఐ. నూటికి ఒకరికి వస్తుందనేది పాత లెక్క. 2024లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలు 3.5 శాతం అంటున్నాయి. అంటే మీకు తెలిసిన ముప్ఫై మంది ఆడవాళ్లలో ఒకరికి ఉండొచ్చు, మీకు చెప్పి ఉండకపోవచ్చు.

నాలాంటి వాళ్లు కాక ఇంకో పెద్ద గుంపు ఉంది. మన రాష్ట్రాల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎంత ఎక్కువో మీకు తెలిసే ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుందే తప్ప హార్మోన్లు వెంటనే ఆగవు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం ఒక్క రాత్రిలో మెనోపాజ్. మా పెద్దమ్మకి 34 ఏళ్లకి రెండూ తీసేశారు. ఆ తర్వాత ఏ హార్మోనూ ఇవ్వలేదు, ఇవ్వాలని చెప్పినవాళ్లూ లేరు. ఆవిడకి 55 ఏళ్లప్పుడు బాత్రూములో జారితే తుంటి విరిగింది. వేరే కారణాలు కూడా ఉండొచ్చు, కాదనను. కానీ డాక్టరు నాకు డెక్సా స్కాన్ రాసినప్పుడు నా కళ్ల ముందు కదిలింది ఆవిడ వాకరే. నా స్కాన్‌లో వెన్నుపూసల దగ్గర ఎముక సాంద్రత నా వయసుకి ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉంది.

అందుకే ఈ హార్మోన్ థెరపీ సంగతి మాలాంటి వాళ్లకి, యాభై దాటినవాళ్లకి ఒకటి కాదు. 51 ఏళ్ల ఆవిడ ఆవిర్లు భరించగలిగితే మందు వద్దనుకోవచ్చు, అది ఆవిడ ఇష్టం. 36 ఏళ్లకి ఆగిపోతే, వేరే అడ్డంకులు లేనంతవరకు మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసుదాకా, అంటే దాదాపు 50 ఏళ్లదాకా, హార్మోన్ తీసుకోమంటారు. ఎముకల కోసం, గుండె కోసం. నాకు కనీసం పద్నాలుగేళ్ల ప్రయాణం. మందు పడలేదని వదిలేసి పక్కకి తప్పుకునే వీలు లేదు. పడేలా చేసుకోవాలి.

కానీ పడలేదు!

మొదటి చీటీలో రెండు మందులు. రోజూ 2 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్ మాత్ర. నెలలో 14 రోజులు దాంతోపాటు ఒక కృత్రిమ ప్రొజెస్టోజెన్ మాత్ర. రెండోది ఎందుకంటే, ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిపోతుంది. అది క్యాన్సర్‌కి దారితీయగలదని 1975లోనే అమెరికా వైద్య పత్రికల్లో బయటపడింది. ఆ పొరని అదుపులో పెట్టే కాపలాదారు ప్రొజెస్టోజెన్. గర్భసంచి తీసేసినవాళ్లకి సాధారణంగా ఈ కాపలా అవసరం లేదు, ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ల విషయం వేరు, అది డాక్టరు చూసుకుంటారు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, చాలామందిని ఏడిపించే సైడ్ ఎఫెక్ట్స్‌లో సగం ఈ కాపలాదారువే.

మొదటి వారం వేవిళ్లలాగే ఉంది. పొద్దున్నే పోపు వాసన పడదు. రెండో వారానికి రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయి, పాప వచ్చి మీద పడితే ప్రాణం పోయినట్టుండేది. తర్వాత ప్రొజెస్టోజెన్ మొదలైంది. కడుపు ఉబ్బరం, తలనొప్పి. అంతకన్నా పెద్దది, ఒక రకమైన దిగులు. ఏ కారణమూ ఉండదు. గిన్నెలు తోముతూ ఏడ్చేదాన్ని. మా ఆయన "ఏమైంది, ఎవరైనా ఏమన్నా అన్నారా?" అంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేస్తే "ఆ మందులు ఒంటికి వేడి చేస్తున్నాయే, మానేసి సబ్జా నీళ్లు తాగు" అంది. అత్తయ్యగారు మెంతులు నానబెట్టి తినమన్నారు. పక్క బ్లాకులో ఉండే ఆంటీ పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ నుంచి వచ్చిన మలేషియా తెలుగావిడ. తాతల కాలంలో తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. "పుతుస్ హైద్ అయితే కాచిప్ ఫాతిమా తాగాలమ్మా" అని ఒక సీసా తెచ్చి ఇచ్చారు. మలయ్‌లో పుతుస్ హైద్ అంటే ముట్టు తెగిపోవడం. ముగ్గురిదీ ప్రేమే. ముగ్గురి మాటకీ చివర ఒకటే అర్థం వస్తోంది: మాత్ర మానెయ్యి.

మానేద్దామని నాకూ అనిపించింది. చాలాసార్లు. మాత్రల అట్ట చేతిలో పట్టుకుని నిలబడిన రాత్రులున్నాయి. ఆపింది ధైర్యం కాదు, ఆ డెక్సా కాగితం.

నేను బీఎస్సీ బీజెడ్‌సీ చదివాను. చదువు అయ్యాక ఉద్యోగం చేయలేదు, పెళ్లయి ఇక్కడికి వచ్చేశాను. ఆ చదువు ఎక్కడ పనికొచ్చింది అని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లకి ఒక జవాబు దొరికింది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మా లెక్చరర్ ఒకే మాట పదేపదే అనేవారు, ఒకసారికి ఒక్కటే మార్చండి, మిగతావి కదపకండి, మార్చింది రికార్డులో రాయండి అని. పాప రూళ్ల నోట్‌బుక్ ఒకటి తీసుకుని గళ్లు గీశాను. తేదీ, వేసుకున్న మాత్ర, వేసుకున్న టైము, తిండికి ముందా తర్వాతా, ఆవిర్లు ఎన్ని, వికారం, రొమ్ము నొప్పి, తలనొప్పి, నిద్ర, మనసు. చివరి నాలుగింటికీ సున్నా నుంచి మూడు వరకు అంకెలు. రోజుకి రెండు నిమిషాల పని.

ఆరు వారాలకి నోట్‌బుక్ చూస్తే, అన్నీ కలిసి ఒక ముద్దలా అనిపించిన బాధ మూడు ముక్కలుగా విడిపోయింది. వికారం మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపే ఉంది, అంటే అది నోటితో మింగే ఈస్ట్రోజన్‌ది. రొమ్ము నొప్పి రోజూ ఉన్నా మెల్లమెల్లగా తగ్గుతోంది. దిగులు మాత్రం కచ్చితంగా ఆ 14 రోజుల్లోనే ఉంది. ప్రొజెస్టోజెన్ మొదలైన మూడో రోజు వస్తుంది, ఆపిన రెండో రోజు పోతుంది. పుట్టుకతో వచ్చిన నా స్వభావం కాదు, నా సంసారంలో లోపం కాదు, ఒక మాత్ర. ఆ పేజీ మా ఆయనకి చూపించాను. ఆయన ఇంజనీరు, గ్రాఫులు బాగా అర్థమవుతాయి. ఆ తర్వాత ఆ 14 రోజులూ సాయంత్రం పాప హోంవర్క్ ఆయనే చూసుకున్నారు.

వికారానికి మందు మార్చక్కర్లేకపోయింది. పొద్దున పరగడుపున వేసుకునేది రాత్రి అన్నం తిన్న తర్వాతకి మార్చుకోమన్నారు డాక్టరు. మూడు వారాల్లో పోపు వాసన మళ్లీ బాగుంది. రొమ్ము నొప్పి తొమ్మిదో వారానికి సున్నా. ఇది చాలామందికి మూడు నెలల్లోపు తగ్గుతుంది, ఏళ్ల తరబడి ఈస్ట్రోజన్ లేని ఒంటికి ఒక్కసారి అందేసరికి వచ్చే తిమ్మిరి లాంటిది. అప్పటిదాకా సరైన సైజు బ్రా, రాత్రిపూట కూడా మెత్తటిది వేసుకోవడం, ఇవి నిజంగా పనిచేశాయి. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ క్యాప్సూల్స్‌కి పెద్దగా రుజువు లేదు, అవి కొనే డబ్బుతో మంచి బ్రాలు కొనుక్కోండి.

దిగులు మాత్రం మూడు నెలలైనా తగ్గలేదు. అక్కడ ఓపిక పట్టడంలో అర్థం లేదు. ఒక విషయం ఇక్కడ గట్టిగా చెప్పాలి. నలభైలోపు వాళ్లకి సైడ్ ఎఫెక్ట్ వచ్చిందని ఈస్ట్రోజన్ మోతాదు తగ్గించి సర్దేస్తే ఎముకలకి సరిపోదు. పెద్ద వయసులో ఆవిర్లు తగ్గడానికి సరిపోయే చిన్న మోతాదు వేరు, ఈ వయసులో అండాశయం చేయాల్సిన పనికి కావాల్సిన మోతాదు వేరు. మార్చాల్సింది ఎక్కువసార్లు ప్రొజెస్టోజెన్‌ని, లేదా ఈస్ట్రోజన్ ఒంట్లోకి వెళ్లే దారిని. నోట్‌బుక్ చూసి మా డాక్టరు కూడా అదే చేశారు. కృత్రిమ ప్రొజెస్టోజెన్ తీసేసి మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరోన్ క్యాప్సూల్ ఇచ్చారు. ఇది మన ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టెరోన్ అణువే. ఇంకో దారి డైడ్రోజెస్టెరోన్, ఇండియాలో చాలామంది గర్భిణులకి డ్యూఫాస్టన్ పేరుతో పరిచయమైన మందు. ఒకరికి ఒకటి పడుతుంది, ఇంకొకరికి ఇంకొకటి. ఇది ముందే చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు, వాడి చూడటమే.

కొత్త క్యాప్సూల్‌తో దిగులు పోయింది, మత్తు వచ్చింది. ఈ ప్రొజెస్టెరోన్ కాలేయంలో విడిపోయినప్పుడు పుట్టే ఒక పదార్థం మెదడులో నిద్రమాత్రలు పనిచేసే చోటే పనిచేస్తుంది. అందుకని పడుకోబోయే ముందే వేసుకోవాలి. భోజనంతో కలిపి వేసుకుంటే ఎక్కువ మోతాదు రక్తంలోకి చేరి తల తిరుగుతుంది. ఈస్ట్రడయాల్ తిన్నాక, ప్రొజెస్టెరోన్ తిన్న రెండు గంటల తర్వాత. మా ఇంట్లో ఏడున్నరకి భోజనం, పదికి క్యాప్సూల్. పదిన్నరకి నాకు ప్రపంచం తెలీదు. నిద్ర పట్టక ఏడాది గడిపినదానికి ఇది సైడ్ ఎఫెక్టా వరమా చెప్పడం కష్టం. పొద్దున కూడా మత్తు వదలనివాళ్లుంటే డాక్టరుని అడగండి, అదే క్యాప్సూల్‌ని యోని ద్వారా వాడే పద్ధతి ఉంది, అప్పుడు మత్తు తక్కువ. ఇంకొక చిన్న సంగతి, కొన్ని కంపెనీల క్యాప్సూల్స్‌లో వేరుశనగ నూనె, సోయా లెసిథిన్ ఉంటాయి. పల్లీలు పడనివాళ్లు పెట్టె మీద చదివి తీసుకోవాలి.

మిగిలింది తలనొప్పి. మాత్ర మింగినప్పుడు ఈస్ట్రోజన్ రక్తంలో ఒక్కసారి లేచి మళ్లీ దిగుతుంది, ఆ ఎత్తుపల్లాలు కొందరికి తలనొప్పిగా తేలుతాయి. పైగా నోటితో మింగింది ముందు కాలేయం గుండా పోతుంది కాబట్టి రక్తం గడ్డకట్టే గుణం కొద్దిగా పెరుగుతుంది. చర్మం ద్వారా వెళ్లే ప్యాచ్, జెల్‌తో ఆ ప్రమాదం పెరిగినట్టు మామూలు మోతాదుల్లో కనిపించలేదు. లావుగా ఉన్నవాళ్లకి, ఇంట్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి, మైగ్రేన్ ఉన్నవాళ్లకి డాక్టర్లు చర్మం దారినే ముందు చూసేది అందుకే. నేనూ జెల్‌కి మారాను.

జెల్ వాడటం గురించి యూరప్ వాళ్లు రాసిన సూచనలు చదివితే నవ్వొస్తుంది. రాసుకుని కొద్ది నిమిషాలు ఆరనివ్వాలట. పుచోంగ్‌లో, వానాకాలం సాయంత్రం, తేమ తొంభై శాతం ఉన్నప్పుడు ఏం ఆరుతుంది? చెమట మీద రాస్తే జారిపోతుంది. ప్యాచ్ అయితే ఇంకా కష్టం, మార్కెట్‌కి వెళ్లి వచ్చేసరికి ఒక అంచు లేచిపోతుంది. ఇక్కడ ప్యాచ్ వాడేవాళ్లు నడుము కింద, పిరుదు పైభాగాన, లోదుస్తుల బిగువు తగలని చోట, నూనె, పౌడరు లేని పొడి చర్మం మీద అంటించి పది సెకన్లు అరచేత్తో అదిమి ఉంచాలి. మన ఒంటికి రాసుకునే కొబ్బరినూనె ఆ చోట నిషేధం. నేను జెల్ రాత్రి స్నానం చేసి, ఏసీ గదిలో పది నిమిషాలు కూర్చుని ఒళ్లు పూర్తిగా ఆరాక తొడల లోపలి వైపు పలచగా రాస్తాను. రుద్దను, పూస్తాను. తర్వాత గంటసేపు నీళ్లు, లోషను తగలనివ్వను.

తొడలకే ఎందుకంటే పాప కోసం. చేతులకి రాసుకునే పద్ధతీ ఉంది, కానీ మా పాప నా చెయ్యి పట్టుకుని పడుకుంటుంది. ఇది ఉత్త భయం కాదు. అమ్మల చేతి మీది ఈస్ట్రోజన్ స్ప్రే తగిలి చిన్నపిల్లల్లో వయసుకి ముందే రొమ్ములు పెరగడం కనిపించిందని 2010లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం, ఆ చోటు బట్టతో కప్పుకోవడం, అంతే చాలు. చంటిపిల్లలున్న ఇంట్లో జెల్ వాడకూడదని ఏం లేదు.

ఇక నెలసరి. అండాశయాలు పనిచేయకపోయినా ప్రొజెస్టోజెన్ ఆపిన రెండు మూడు రోజులకి రక్తస్రావం వస్తుంది. పీరియడ్ కాదు, మందు పెట్టిన పీరియడ్. మొదటిసారి వచ్చినప్పుడు అండాశయాలు మళ్లీ పనిచేస్తున్నాయని పొంగిపోయే వాళ్లుంటారు, అది కాదని డాక్టర్లు ముందే చెప్తే బాగుండు. మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో మధ్య మధ్య మరకలు పడటం మామూలే, మందు మార్చినప్పుడు కూడా. ఆరు నెలలు దాటినా అలాగే ఉంటే, లేదా బాగా సర్దుకున్నాక కొత్తగా మొదలైతే స్కాన్ చేయించుకోవాలి.

మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కుంది. వరలక్ష్మీ వ్రతం, తిరుపతి ప్రయాణం, గృహప్రవేశం. తేదీ అడ్డొస్తుందంటే నోరెథిస్టిరోన్ మాత్రలు తెప్పించి వేసుకోవడం మనకి పారాసెటమాల్ అంత అలవాటు. హార్మోన్ థెరపీలో ఉన్నవాళ్లు ఆ పని సొంతంగా చేయకూడదు. వాయిదా వేయడానికి వాడే మోతాదులో ఆ మందు కొంత ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది, గడ్డకట్టే ప్రమాదం పెంచుతుంది. అసలు అవసరమే లేదు. క్యాలెండర్ తీసుకెళ్లి నెలన్నర ముందు అడిగితే, ఆ 14 రోజులు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే సర్ది చెప్తారు. పోయిన శ్రావణంలో నా వ్రతం అలాగే జరిగింది. ఆడవాళ్ల తేదీలు దేవుడికి అడ్డమా అన్న చర్చ వేరే రోజు పెట్టుకుందాం.

పీఓఐ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఈ మందులు గర్భనిరోధకాలు కావు. అండాశయం అప్పుడప్పుడు మేల్కొంటుంది. నూటికి ఐదు నుంచి పది మందికి సహజంగా గర్భం వస్తుంది. కావాలనుకునేవాళ్లకి ఆశ, వద్దనుకునేవాళ్లకి జాగ్రత్త.

"హార్మోన్లు వాడితే క్యాన్సర్" అనే మెసేజ్ మా కుటుంబాల గ్రూపులో ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. దాని మూలం 2002 జులై. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా అధ్యయనంలో 16,608 మందితో చేస్తున్న ఈస్ట్రోజన్-ప్రొజెస్టిన్ ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెజబ్బు, గడ్డలు పెరిగాయని పత్రికలన్నీ రాశాయి. ఎంత పెరిగాయి? 10,000 మంది ఏడాది వాడితే రొమ్ము క్యాన్సర్ 8 మందికి ఎక్కువ. ఆ స్త్రీలు 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు, సగటు వయసు 63. వాడిన మందు గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్, ఒక కృత్రిమ ప్రొజెస్టిన్. గర్భసంచి లేని వాళ్లకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో ప్రయోగంలో రొమ్ము క్యాన్సర్ పెరగనే లేదు. 63 ఏళ్ల సగటు లెక్కని తీసుకొచ్చి 36 ఏళ్ల మనిషి మీద పెట్టకూడదు. నా వయసులో నాకు రావాల్సిన హార్మోనే నాకు వస్తోంది, అదనం కాదు. 2025 నవంబరులో ఎఫ్‌డీఏ ఈ మందుల పెట్టెల మీది పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. గర్భసంచి ఉండగా ఈస్ట్రోజన్ ఒక్కటే వాడటం గురించిన హెచ్చరికని మాత్రం ఉంచింది. అలాగని మందు అందరికీ కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లు వేరే దారి చూసుకోవాలి.

ఓపిక పట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ఒక్క కాలు మాత్రమే వాచి పిక్క నొప్పిగా వేడిగా ఉండటం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, ఎన్నడూ లేనంత తలనొప్పితో చూపు మసకబారడం, మాట తడబడటం, కళ్లు పచ్చబడటం. వీటికి నోట్‌బుక్ వద్దు, అపాయింట్‌మెంటూ వద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లడమే. మలేషియాలో నంబరు 999. మాత్రలు వాడేవాళ్లు హైదరాబాద్ విమానంలో నాలుగు గంటలు కదలకుండా కూర్చోకుండా, మధ్యలో రెండుసార్లు లేచి నడవండి. అమెరికా ప్రయాణమైతే ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఇక్కడి పద్ధతుల గురించి రెండు మాటలు. మలేషియా ఆరోగ్య శాఖ 2022లో మెనోపాజ్ వైద్యంపై డాక్టర్లకి మార్గదర్శకాలు తెచ్చింది, కాబట్టి మీ డాక్టరు "ఓర్చుకోండి" అంటే ఇంకో డాక్టరుని చూడటానికి మొహమాటపడకండి. డిపెండెంట్ పాస్ మీద ఉన్న మనకి ఖర్చు చేతినుంచే. మా ఇన్సూరెన్సు దీన్ని జబ్బుగా ఒప్పుకోలేదు. మందు పెట్టె మీద ఎంఏఎల్ అనే అక్షరాలతో రిజిస్ట్రేషన్ నంబరు, హోలోగ్రాం స్టిక్కర్ ఉండాలి. నంబరు చివర ఏ ఉంటే నియంత్రిత మందు, టీ ఉంటే సంప్రదాయ మందు. ఆంటీ ఇచ్చిన కాచిప్ ఫాతిమా సీసా మీద టీ ఉంది. ఆ మొక్కకి ఈస్ట్రోజన్ లాంటి గుణం ఉందేమోనని పరిశోధనలు జరిగాయి. సరిగ్గా అందుకే నేను తాగలేదు, ఒకసారికి ఒక్కటే మార్చాలి కదా! ఆంటీ నొచ్చుకోకుండా విషయం చెప్పాను. సంతలో దొరికే తెంపే, తౌహు మాత్రం హాయిగా తింటున్నాం. తెంపేని చిన్న ముక్కలు కోసి వేపుడు చేసి కరివేపాకు, వెల్లుల్లి కారం జల్లితే మా ఆయనకి అది సోయా అని కూడా తెలీదు.

ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే మందులు తెప్పించుకోవడం మనందరికీ అలవాటే. హార్మోన్ల విషయంలో పేరు కాదు, లోపలి రసాయనం, మిల్లీగ్రాములు సరిచూసుకోండి. అక్కడి పేరు ఇక్కడ ఉండదు, ఒకటే పేరుతో రెండు మోతాదులూ ఉంటాయి. డాక్టరు చీటీ వెంట ఉండాలి. జెల్ సీసాని సూట్‌కేసులో ఎండన పడేసి తేకండి.

ఇప్పుడు నాకు 38. జెల్, రాత్రి క్యాప్సూల్. నెలకి రెండు రోజులు కొంచెం ఉబ్బరం, అప్పుడప్పుడు పిక్కలు పట్టేయడం, అవి ఉన్నాయి, పూర్తిగా పోలేదు. పడుకునే ముందు గోడకి చేతులానించి పిక్కలు సాగదీస్తాను. మొన్నటి రెండో డెక్సాలో వెన్నుపూసల సాంద్రత తగ్గలేదు. పెరగలేదు కూడా, కానీ డాక్టరు సంతోషించారు.

పోయిన వారం ఆంటీ వచ్చి, ఈపోలో ఉండే వాళ్ల చిన్నమ్మాయికి 41 ఏళ్లని, ఆర్నెల్ల క్రితం ఆపరేషన్ చేసి అన్నీ తీసేశారని, మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని ఆపేస్తానంటోందని చెప్పారు. నా నోట్‌బుక్‌లో గళ్లు ఎలా గీశానో అడిగారు. ఖాళీ పేజీ ఒకటి ఫోటో తీసి పంపించాను. రాత్రి అన్నం తిన్నాక వేసుకుని చూడొచ్చేమో వాళ్ల డాక్టరుని ఒకసారి అడగమని కింద రాశాను.